నలభై ఒక్క రోజులు బండి ఎక్కడుంది? నల్లగొండలో నడిచిన ఒక విద్యుత్ స్కూటర్ బ్యాటరీ కేసు

నల్లగొండ జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్ ముందు ఫిర్యాదుదారు తరఫున నేను నడిపిన ఒక కేసు వివరాలు ఇక్కడ రాస్తున్నాను. కక్షిదారు పేరు, ఎదుటి పక్షాల పేర్లు కావాలనే వదిలేశాను. ఈ తరహా ఫిర్యాదులు చేపట్టే తోటి న్యాయవాదులకూ, వకీలు లేకుండా తామే కమిషన్ మెట్లెక్కాలనుకునే వారికీ పనికొచ్చే విషయం పేర్లలో లేదు.

పెట్రోలు బండి ఇంజను చెడిపోతే వీధి చివరి మెకానిక్ విప్పి, అరిగిన పిస్టన్ చేతిలో పెట్టి చూపిస్తాడు. విద్యుత్ బండి బ్యాటరీ అలా కాదు. అది సీలు వేసిన పెట్టె, కొన్నవాడు విప్పితే వారంటీ పోతుంది, విప్పకపోతే లోపం ఏమిటో తెలియదు. రోజూ ఎంత ఛార్జయిందో, ఎంత వేడెక్కిందో, ఎన్ని రోజులు ఖాళీగా పడి ఉందో బ్యాటరీలోని నియంత్రణ సర్క్యూటు, అంటే బీఎంఎస్, నమోదు చేస్తూ పోతుంది. ఆ నమోదు కంపెనీ సర్వరుకు చేరుతుంది గానీ బండి యజమాని చేతికి రాదు. సాక్ష్యమంతా ఎదుటి పక్షం దగ్గరే ఉన్న కేసును ఎలా నడపాలన్నదే ఇందులో నాకు ఎదురైన అసలు ప్రశ్న.

నా కక్షిదారుది కట్టంగూరు మండలంలోని ఒక ఊరు. చుట్టుపక్కల రైతుల దగ్గర పాలు సేకరించి, నల్లగొండలో ఇళ్లకూ హోటళ్లకూ పోస్తాడు. రెండు పూటలా కలిపి రోజుకు సుమారు 50 కిలోమీటర్లు తిరుగుతాడు. 2023 మే చివరి వారంలో, కొంత చేతి డబ్బు, మిగతాది ఫైనాన్సు పెట్టి, 1,18,000 రూపాయలకు విద్యుత్ స్కూటర్ కొన్నాడు. ఆ వారంలోనే కొనడానికి కారణం ఉంది. విద్యుత్ వాహనాల కోసం కేంద్రం పెట్టిన ఫేమ్-2 పథకం కింద ద్విచక్ర వాహనాలకు, బ్యాటరీలో పట్టే ఒక్కో కిలోవాట్-అవరుకు, అంటే యూనిట్ కరెంటుకు, 15,000 రూపాయల చొప్పున, ధరలో 40 శాతం మించకుండా ఇస్తున్న సబ్సిడీని 2023 జూన్ 1 నుంచి 10,000 రూపాయలకు, 15 శాతం పరిమితికి తగ్గించారు. నెల మారితే బండి ఇరవై వేల పైన పెరుగుతుందని షోరూంలో చెప్పడంతో వారంటీ పుస్తకం చదివే తీరిక కూడా లేకుండా సంతకాలు పెట్టాడు. ఆ పుస్తకం అతని చేతికి వచ్చింది డెలివరీ రోజున, అదీ సీటు కింద అరలో. ఈ చిన్న వాస్తవం తర్వాత పనికొచ్చింది.

వారంటీ మూడేళ్లు లేదా 40,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ఆ గడువులో బ్యాటరీ సామర్థ్యం 70 శాతం కంటే తగ్గితే ఉచితంగా మారుస్తామని రాసి ఉంది.

మొదటి ఏడాది బండి బాగానే నడిచింది. ప్రకటనలో 110 కిలోమీటర్లు అన్నారు గానీ ఒక్క ఛార్జింగుకు 85 దాకా వచ్చేది. ఈ తేడా మీద కూడా దావా వేద్దామని అతని బావమరిది పట్టుబట్టాడు. నేను ఒప్పుకోలేదు. ప్రకటనలోని అంకె ప్రయోగశాల పరిస్థితుల్లో వచ్చినదనీ, పాల క్యాన్లు కట్టుకుని గతుకుల రోడ్డు మీద తిరిగే బండికి అది రాదనీ కంపెనీ సులువుగా చెప్పుకోగలదు. బలహీనమైన వాదన ఒకటి పక్కన చేరితే బలమైన వాదన కూడా పలచబడుతుంది.

2024 జూన్‌లో, ఎండలు తగ్గుముఖం పట్టే వేళ, చిక్కు మొదలైంది. అప్పటికి బండి 19 వేల కిలోమీటర్ల పైచిలుకు తిరిగింది. నా దగ్గరికి వచ్చిన రోజు అతను చెప్పిన మాటను ఫిర్యాదులోనూ దాదాపు అలాగే పెట్టాను: "మీటర్ల ముప్పై అయిదు సూపిస్తనే ఉంటది సార్, బండి మాత్రం ఉన్నకాడ్నే ఆగిపోతది. మళ్లీ ఆన్ చేస్తే కిలోమీటరు నడుస్తది, మళ్లీ ఆగుతది. ఎండకు పాలు ఇరిగిపోతున్నయ్."

తెర మీద 35 శాతం కనిపిస్తుండగా బండి ఎందుకు ఆగుతుందో అర్థం చేసుకోకుండా ఈ కేసు నడపలేమనిపించి, ఎలక్ట్రికల్ ఇంజనీరు అయిన ఒక మిత్రుడి దగ్గర రెండు సాయంత్రాలు కూర్చున్నాను. ఆ బ్యాటరీలో సెల్లులు 14 గ్రూపులుగా ఒకదాని వెనుక ఒకటి వరుసలో కలిపి ఉంటాయి. ఒక్కో గ్రూపుకు 3.7 వోల్టుల చొప్పున మొత్తం 51.8 వోల్టులు, 56 ఆంపియర్-అవర్లు, అంటే 2.9 యూనిట్ల కరెంటు పట్టే పెట్టె. పూర్తిగా ఛార్జయినప్పుడు ఒక్కో గ్రూపు 4.2 వోల్టులకు చేరుతుంది. వాడుతున్నప్పుడు ఏ ఒక్క గ్రూపు నిర్ణీత హద్దు కంటే కిందికి పడినా, సెల్లు పాడై ప్రమాదం రాకుండా బీఎంఎస్ మొత్తం పెట్టెను ఆపేస్తుంది. కాడికి కట్టిన రెండెడ్లలో ఒకటి చతికిలబడితే రెండోది ఎంత బలంగా ఉన్నా బండి కదలదు, ఇదీ అంతే. మిగతా 13 గ్రూపుల్లో కరెంటు ఉన్నా, నీరసించిన ఒక్క గ్రూపు వల్ల బండి ఆగిపోతుంది. తెర మీది శాతం మాత్రం ఎంత వాడామో లెక్కగట్టి చూపే అంకె కాబట్టి, అది మిగిలిందంటూనే ఉంటుంది. అంటే కక్షిదారు చెప్పిన లక్షణం, ఒక గ్రూపు దెబ్బతిన్న బ్యాటరీ చూపించే లక్షణం ఒకటే. వాడకంలో నిర్లక్ష్యం జరిగితే, ఉదాహరణకు నెలల తరబడి ఛార్జింగు లేకుండా వదిలేస్తే, సాధారణంగా గ్రూపులన్నీ కలిసి దిగుతాయి. ఈ తేడాయే కేసుకు సాంకేతిక పునాది అయింది.

జూలైలో బండిని డీలరు సర్వీస్ సెంటరులో అప్పగించాడు. "పార్టు బెంగళూరు నుంచి రావాలె" అన్నారు. బండి ఏ రోజు, ఏ పనికి తీసుకున్నారో రాసిచ్చే జాబ్ కార్డు ఇవ్వలేదు. తెల్ల కాగితం మీద బండి నంబరు, ఒక సంతకం మాత్రమే రాసి ఇచ్చారు, తేదీ కూడా లేదు. ఆగస్టులో, ఏదో సాఫ్ట్‌వేర్ మార్చామని చెప్పి బండి తిరిగి ఇచ్చారు. వారం తిరక్కముందే పరిస్థితి ఇంకా దిగజారింది, 45 కిలోమీటర్లు దాటడమే గగనమైంది. రెండోసారి తీసుకుపోతే సెప్టెంబరులో కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. దాని సారాంశం ఇది: బ్యాటరీ లాగ్, అంటే బీఎంఎస్ నమోదు, పరిశీలించాం, వరుసగా 41 రోజులు ఛార్జింగు లేకుండా వదిలేసినట్లు తేలింది, ఇది వినియోగదారు నిర్లక్ష్యం, వారంటీ వర్తించదు. కొత్త బ్యాటరీ కావాలంటే 62,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 73,160. బండి మొత్తంగా కొంటే జీఎస్టీ 5 శాతమే, అందులోని బ్యాటరీ విడిగా కొంటే 18. ఈ లెక్క కక్షిదారుకు ఎన్నిసార్లు చెప్పినా మింగుడుపడలేదు, నాకూ అంతే.

రోజూ పాలు పోసేవాడు 41 రోజులు బండి తియ్యకుండా ఉండటమేమిటని అడిగాను. చాలాసేపు ఆలోచించి, "ఆ దినాలల్ల బండి వాళ్ల షోరూంలనే ఉండె గద సార్" అన్నాడు. కేసు నిలబడుతుందన్న నమ్మకం నాకు అక్కడే కలిగింది. నమ్మకం వేరు, రుజువు వేరు కాబట్టి అసలు పని కూడా అక్కడే మొదలైంది.

నోటీసు ఇచ్చే ముందే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయించాను. పరిష్కారం వస్తుందన్న ఆశ కంటే, కంపెనీ రాతపూర్వకంగా ఏదో ఒక జవాబు చెప్పాల్సి వస్తుందన్నది నా ఉద్దేశం. జవాబు వచ్చింది. అందులో 41 రోజుల ప్రస్తావనే లేదు, కంపెనీది కాని ఛార్జరు వాడినందువల్ల బ్యాటరీ దెబ్బతిన్నదని రాశారు. మెయిల్‌లో ఒక కారణం, హెల్ప్‌లైన్‌కు ఇంకో కారణం. రెండింటినీ పక్కపక్కనే పెట్టి ఎగ్జిబిట్లుగా దాఖలు చేశాం.

ఫిర్యాదు చిత్తుప్రతిలో నేను చేసిన తప్పు ఒకటి ఇక్కడ ఒప్పుకోవాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో కొత్తగా వచ్చిన ఆరో అధ్యాయం, ఉత్పత్తి బాధ్యత, చూడగానే ఆకర్షించింది. సెక్షన్ 84 కింద తయారీదారుపై నేరుగా వాదన రాసుకున్నాను. తర్వాత సెక్షన్ 2(22)లో 'హాని' నిర్వచనం మళ్లీ చదివితే, ఆ వస్తువుకే కలిగిన నష్టమూ, వారంటీ షరతుల ఉల్లంఘన వల్ల ఆస్తికి కలిగిన నష్టమూ, వ్యాపార, ఆర్థిక నష్టమూ అందులోకి రావని స్పష్టంగా ఉంది. బ్యాటరీ పేలి మనిషికి గాయమైతే, ఇల్లు కాలితే ఆ అధ్యాయం పనికొస్తుంది. బ్యాటరీ తనంతట తాను చచ్చిపోతే రాదు. అందుకే ఆ భాగం కొట్టేసి, సెక్షన్ 2(10) కింద వస్తువులో లోపం, 2(11) కింద సేవలో లోపం అనే రెండు పాత దారులకే వచ్చాను. లోపం నిర్వచనంలో, చట్టం లేదా ఒప్పందం కోరే ప్రమాణమే కాక, వ్యాపారి తానుగా చెప్పుకున్న ప్రమాణం కూడా ఉంది. 70 శాతం హామీ కంపెనీ తానే చెప్పుకున్న ప్రమాణం.

డీలరును, తయారీ కంపెనీని ఇద్దరినీ ఎదుటి పక్షాలుగా చేర్చాం. వారిద్దరి మధ్య సంబంధం ఏజెన్సీ కాదు, ఎవరి వ్యాపారం వారిదే, ఒకరి తప్పుకు ఇంకొకరు బాధ్యులు కారన్న వాదన ఇలాంటి కేసుల్లో తప్పక వస్తుంది. దానికి ఆధారంగా టాటా మోటార్స్ వర్సెస్ ఆంటోనియో పౌలో వాజ్ కేసులో సుప్రీంకోర్టు 2021లో ఇచ్చిన తీర్పును చూపిస్తారు. ఆ తీర్పు చదివితే, తయారీదారుపై ఫిర్యాదులో నిర్దిష్టమైన ఆరోపణ లేకపోవడం అక్కడ ప్రధానమైన లోటు అని తెలుస్తుంది. కాబట్టి మా ఫిర్యాదులో ఎవరి తప్పేమిటో వేర్వేరు పేరాల్లో రాశాం. బ్యాటరీ లోపమూ, అబద్ధపు కారణంతో వారంటీ నిరాకరించడమూ కంపెనీవి. జాబ్ కార్డు ఇవ్వకపోవడమూ, బండిని ఛార్జింగు లేకుండా యార్డులో పడేయడమూ డీలరువి. ఫైనాన్సు సంస్థను చేర్చలేదు, దానివల్ల తర్వాత ఒక ఇబ్బంది వచ్చింది.

మిగతా ప్రాథమిక విషయాలు పెద్దగా బాధించలేదు. చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి రుసుం లేదు, 50 లక్షల లోపు కాబట్టి జిల్లా కమిషన్‌కే అధికారం, రెండేళ్ల కాలపరిమితి ఇంకా చాలా మిగిలి ఉంది. వివాదాలు బెంగళూరు న్యాయస్థానాల్లోనే తేల్చుకోవాలని బిల్లు వెనుక ఉన్న షరతుకు, ఫిర్యాదుదారు నివసించే చోటే ఫిర్యాదు చేయవచ్చన్న సెక్షన్ 34(2)(డి) జవాబు. మధ్యవర్తిత్వ షరతుకు, అలాంటి షరతు ఉన్నా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చని ఎమార్ ఎంజీఎఫ్ వర్సెస్ అఫ్తాబ్ సింగ్ కేసులో 2018 డిసెంబరు 10న సుప్రీంకోర్టు చెప్పినదే జవాబు.

డీలరు నోటీసు అందుకుని కూడా రాలేదు, అతను లేకుండానే విచారణ సాగేలా ఎక్స్‌పార్టీ అయ్యాడు. కంపెనీ తన జవాబును 44వ రోజున దాఖలు చేసింది. చట్టం ఇచ్చే 30 రోజులకు అదనంగా 15 రోజుల కంటే పొడిగించే అధికారం కమిషన్‌కు లేదని, పాత చట్టం కింద, న్యూ ఇండియా అష్యూరెన్స్ వర్సెస్ హిల్లీ మల్టీపర్పస్ కేసులో 2020 మార్చి 4న రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. పెద్ద కంపెనీల వకీళ్లు ఆ గీత ఎక్కడుందో బాగా తెలిసి దాని అంచు దాకా వస్తారు. మన కక్షిదారులు కూడా అప్పుడప్పుడు ఎదుటి పక్షాలవుతారు కాబట్టి, ఆ గీత మనకూ గుర్తుండాలి.

కంపెనీ జవాబులో రెండు ప్రధాన వాదనలున్నాయి. మొదటిది, బండిని పాల వ్యాపారానికి వాడాడు కాబట్టి అతను వినియోగదారుడే కాడు, పైగా వాణిజ్య వాడకానికి వారంటీ లేదని పుస్తకంలో ఉంది. రెండోది, 41 రోజుల లాగ్.

మొదటి వాదనలో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయాయి, వాటిని విడదీయడం అవసరం. వినియోగదారుడు ఎవరన్నది చట్టం చెప్పే మాట. సొంతంగా పనిచేసుకుంటూ జీవనోపాధి కోసం మాత్రమే కొన్న వస్తువు వాణిజ్య అవసరం కిందికి రాదని సెక్షన్ 2(7) వివరణ చెబుతోంది, 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ తీర్పు నుంచి ఇది స్థిరపడిన సూత్రం. జీతగాళ్లు లేరు, రెండో బండి లేదు, అతనే నడుపుతాడు, అతనే పోస్తాడు. ఇదంతా అఫిడవిట్‌లో ఉంది. ఇక వారంటీ షరతు సంగతి. దాన్ని అన్యాయమైన ఒప్పందం అని దాడి చేద్దామన్న ఆలోచన సహజంగా వస్తుంది. ఆ ఆలోచన ప్రమాదకరం, ఎందుకంటే అన్యాయమైన ఒప్పందాల ఫిర్యాదులు వినే అధికారం సెక్షన్ 47 ప్రకారం రాష్ట్ర కమిషన్‌కు ఉంది, జిల్లా కమిషన్‌కు లేదు. ఆ మాట ఫిర్యాదులో రాస్తే, కేసును హైదరాబాదుకు పంపమని మనమే కోరినట్లవుతుంది. అందుకే షరతు చెల్లదని అనకుండా, అది మా మధ్య ఒప్పందంలో భాగమే కాలేదని వాదించాం. పుస్తకం ఇచ్చింది డబ్బు కట్టిన తర్వాత. అంతకంటే బలమైన కాగితం ఇన్వాయిస్‌లోనే దొరికింది. 'సైడ్ క్యారియర్, క్యాన్ల కోసం, బిగింపుతో సహా 1,800' అని డీలరే రాసిన పంక్తి అందులో ఉంది. పాల క్యాన్లు మోయడానికి స్టాండు బిగించి అమ్మిన బండిని, పాలు మోశాడని తప్పుపట్టడం కుదరదన్న అర్థం వచ్చేలా కమిషన్ తన ఉత్తర్వులో రాసింది. ఇలాంటి కేసు చేపట్టినవారు ఇన్వాయిస్‌లోని ప్రతి పంక్తీ, యాక్సెసరీలతో సహా చదవాలని అందుకే అంటాను.

రెండో వాదన దగ్గర ఏడు నెలలు పట్టింది. కంపెనీ తన జవాబుతో పాటు ఒక పేజీ లాగ్ దాఖలు చేసింది. తేదీ, ఛార్జి శాతం, ఛార్జింగు జరిగిందా లేదా, ఇవే అందులోని గళ్లు. అయితే ఆ స్కూటర్‌కు కంపెనీ మొబైల్ యాప్ ఉంది. బండి ఎక్కడుందో మ్యాపులో చూపించడం ఆ యాప్ ప్రత్యేకత అని ప్రకటనల్లో చెప్పుకున్నారు. చోటు చూపించే బండి చోటును నమోదు చెయ్యకుండా ఉండదు. పూర్తి లాగ్‌ను, స్థానం, ఉష్ణోగ్రత, గ్రూపులవారీ వోల్టేజి గళ్లతో సహా, దాఖలు చేయమని సెక్షన్ 38(9) కింద పిటిషన్ వేశాను. పత్రాలు, వస్తువులు తెప్పించే విషయంలో కమిషన్‌కు సివిల్ కోర్టుకున్న అధికారాలు ఆ సెక్షన్ ఇస్తుంది. వ్యక్తిగత గోప్యత దృష్ట్యా స్థానం వివరాలు ఇవ్వలేమని కంపెనీ కౌంటరు వేసింది. ఎవరి గోప్యత? అడుగుతున్నది బండి యజమానే కదా. ఆ పిటిషన్ మీద వాదన పది నిమిషాలు కూడా జరగలేదు గానీ, వాయిదాలు మాత్రం నాలుగు పడ్డాయి.

ఈలోగా మా వైపు రుజువులు కూర్చుకున్నాం. సర్వీస్ అడ్వైజరు వాట్సాప్‌లో పంపిన మూడు వాయిస్ మెసేజులు కక్షిదారు ఫోనులో అలాగే ఉన్నాయి: "పార్టు ఇంకా రాలే అన్నా, బండి ఈడనే ఉంది, పైలం." యార్డులో వర్షానికి తడుస్తున్న బండిని అతను తీసిన ఫోటో ఒకటి ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం ధృవపత్రంతో వీటిని దాఖలు చేశాం. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య చట్టాన్ని కచ్చితంగా పాటించనక్కర లేదన్న మాట నిజమే గానీ, అప్పీలులో ఎవరు ఎలా చూస్తారో తెలియదు. ఫోను మార్చవద్దు, చాట్ చెరపవద్దు అని కక్షిదారుకు మొదటి రోజే చెప్పాను. అతను కొత్త ఫోను కొనాలనుకుని ఆగిపోయాడట.

ఐదో వాయిదాకు పూర్తి లాగ్ వచ్చింది. ఛార్జింగు లేని ఆ 41 రోజులూ అక్షాంశ రేఖాంశాలు మారలేదు, ఆ చోటు డీలరు సర్వీస్ సెంటరే. అంతకుముందు 13 నెలల్లో ఛార్జింగు లేకుండా గడిచిన అతి పెద్ద విరామం మూడు రోజులు, అదీ దసరాకు. ఇంకో విషయం కూడా అందులో బయటపడింది. జూన్ మొదటి వారం నుంచే, అంటే బండి సర్వీసుకు పోవడానికి ముందే, 9వ గ్రూపు వోల్టేజి మిగతావాటికి దూరంగా జరగడం మొదలైంది. యార్డులో పడి ఉండటం లోపాన్ని పెంచి ఉండవచ్చు గానీ పుట్టించలేదు. ఇది నాకు 41 రోజుల కంటే ముఖ్యంగా తోచింది. ఎందుకంటే యార్డులో జరిగింది డీలరు తప్పు, మాది కాదని కంపెనీ తప్పించుకునే దారిని ఇది మూసేసింది.

లాగ్ ఉన్నా భౌతిక పరీక్ష కావాలని కమిషన్ భావించింది. సెక్షన్ 38(2)(సి) ప్రకారం వస్తువును తగిన ప్రయోగశాలకు పంపవచ్చు. పుణెలోని వాహన పరీక్షా సంస్థ ఏఆర్ఏఐకి పంపమని కంపెనీ అడిగింది. లిథియం అయాన్ బ్యాటరీ రవాణా నియమాల్లో యూఎన్ 3480 సంఖ్య కింద, తొమ్మిదో తరగతి ప్రమాదకర వస్తువుగా ఉంటుంది. మామూలు కొరియరు వాళ్లు దాన్ని ముట్టుకోరు, కమిషన్ కార్యాలయంలో రికార్డు గదిలో దాచిపెట్టడం కూడా భద్రం కాదు. అదీగాక మేము అడుగుతున్న పరీక్ష పెద్దదేమీ కాదు. పూర్తిగా ఛార్జి చేసి, నిర్ణీత కరెంటుతో ఖాళీ చేస్తూ ఎన్ని యూనిట్లు బయటికి వచ్చాయో కొలిస్తే చాలు, పెట్టె విప్పనక్కర లేదు. ప్రభుత్వ సాంకేతిక విద్యాసంస్థలో ఎలక్ట్రికల్ విభాగం అధ్యాపకుడిని నిపుణుడిగా నియమించమని కోరాం. కమిషన్ అంగీకరించింది. ఆయన రుసుం 12,000 రూపాయలు ముందుగా మేమే జమ చేయాల్సి వచ్చింది. పాల మీద బతికేవాడికి అది చిన్న మొత్తం కాదు, ఈ ఖర్చు సంగతి ఫిర్యాదు వేసేనాడే కక్షిదారుకు చెప్పి ఉంచడం మంచిది.

బండిని ట్రాలీ ఆటోలో తీసుకుపోయాం. ఉభయ పక్షాల సమక్షంలో పరీక్ష జరిగింది. కంపెనీ ఇంజనీరు తన ల్యాప్‌టాప్‌తో బీఎంఎస్ నుంచి గ్రూపుల వోల్టేజి చదివి చూపించాడు. అతని నిజాయితీని మెచ్చుకోవాలి, ఏ అంకెనూ దాచలేదు. పూర్తి ఛార్జింగు తర్వాత 13 గ్రూపులు 4.14 నుంచి 4.17 వోల్టుల మధ్య ఉంటే, తొమ్మిదోది 3.91 దగ్గర ఆగింది. ఖాళీ చేస్తున్నప్పుడు ఆ గ్రూపే ముందుగా హద్దు దాటి పెట్టె ఆగిపోయింది. అప్పటికి బయటికి వచ్చింది 1.74 యూనిట్లు, 2.9లో సరిగ్గా 60 శాతం. వారంటీ గీత 70. తెర మీద ఇంకా 40 దరిదాపుల్లో చూపిస్తుండటం కూడా నివేదికలో నమోదైంది. ఏడాది కింద ఆ పాలాయన చెప్పిన మాటకు అది ఇంజనీరు భాషలో తర్జుమా.

తుది వాదనల్లో కంపెనీ ఏఐఎస్-156 అనే బ్యాటరీ భద్రతా ప్రమాణం కింద వచ్చిన ధృవపత్రం చూపించింది. 2022 వేసవిలో దేశంలో పలుచోట్ల విద్యుత్ స్కూటర్లు తగలబడిన తర్వాత కేంద్ర రవాణా శాఖ, హైదరాబాదులోని పదార్థ విజ్ఞాన పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ సంచాలకుడు టాటా నరసింగరావు అధ్యక్షతన నిపుణుల కమిటీని వేసింది. దాని సిఫార్సులతో ఆ ప్రమాణానికి చేసిన మూడో సవరణ రెండు దశల్లో, 2022 డిసెంబరు 1 నుంచి, 2023 మార్చి 31 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రమాణం పాటించాం కాబట్టి లోపం ఉండదన్నది వారి వాదన. అది భద్రతా ప్రమాణం, అందులోనూ నమూనా బ్యాటరీకి ఇచ్చే ఆమోదం. ఫలానా వరుస సంఖ్య గల ఫలానా పెట్టెలో ఒక గ్రూపు నీరసించిందా లేదా అన్నదానికి అది జవాబు కాదు. కమిషన్ కూడా దీని మీద ఎక్కువసేపు ఆగలేదు.

ఉత్తర్వు సారాంశం ఇది. ఎదుటి పక్షాలిద్దరూ ఉమ్మడిగా, విడివిడిగా బాధ్యులు, అంటే మొత్తం ఏ ఒక్కరి నుంచైనా రాబట్టుకోవచ్చు. 45 రోజుల్లో లోపమున్న బ్యాటరీ స్థానంలో కొత్తది, కొత్త వారంటీతో ఇవ్వాలి, లేదా బ్యాటరీ ధరను 9 శాతం వడ్డీతో చెల్లించాలి. మానసిక వేదనకు 25,000, నిపుణుడి రుసుముతో కలిపి ఖర్చులకు 17,000.

మేము అడిగింది ఇంకా ఎక్కువ. బండి ధర మొత్తం వాపసు కావాలన్నాం, రాలేదు. ఒక భాగంలో లోపం ఉంటే ఆ భాగం మార్పించడమే తగిన పరిహారం, బండి మొత్తం కాదన్న మారుతి ఉద్యోగ్ వర్సెస్ సుశీల్ కుమార్ గబ్‌గోత్రా తీర్పు, 2006 నాటిది, మాకు అడ్డం వచ్చింది. విద్యుత్ స్కూటర్‌లో బ్యాటరీయే సగం ధర కాబట్టి అది కేవలం భాగం కాదని వాదించాను, ఇప్పటికీ ఆ వాదనలో బలముందనే అనుకుంటున్నాను. ఉపాధి నష్టం కింద అడిగిన 90,000లో ఒక్క రూపాయి రాలేదు. అందులో తప్పు నాదే. పాల లెక్కల నోటుపుస్తకం ఉంది, అందులో ఆ నెలల్లో ఎన్ని లీటర్లు తగ్గాయో కనిపిస్తుంది. దాన్ని దాఖలు చేశాను గానీ, అద్దె ఆటోకు ఇచ్చిన డబ్బుకు రశీదులు అడగాలని నాకు ఆలస్యంగా తట్టింది. ఇక ఫైనాన్సు సంస్థను చేర్చకపోవడం వల్ల, బండి మూలన పడి ఉన్న నెలల్లో కట్టలేకపోయిన రెండు వాయిదాలు అతని రుణ చరిత్రలో మచ్చగానే మిగిలాయి. కనీసం సెక్షన్ 38(8) కింద మధ్యంతర ఉత్తర్వు అడిగి ఉండాల్సింది.

మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. మాకు ఏడాది దాటింది.

కంపెనీ అప్పీలుకు పోలేదు. పోవాలంటే 45 రోజుల్లో, ఉత్తర్వు మొత్తంలో సగం జమ చేసి పోవాలి. 40వ రోజున డీలరు ఫోను చేసి బ్యాటరీ వచ్చిందన్నాడు. వెళ్లి చూస్తే దాని మీది స్టిక్కరు వేరే స్టిక్కరు మీద అతికించి ఉంది, పెట్టె మూలల్లో గీతలున్నాయి. ఎక్కడో వాపసు వచ్చినదాన్ని బాగుచేసి తెచ్చారని మా అనుమానం. ఉత్తర్వులో 'కొత్త' అన్న మాట ఉంది. తీసుకోకుండా, ఫోటోలు తీసి, సెక్షన్ 72 కింద పిటిషన్ వేస్తామని ఒక ఉత్తరం రాశాను. ఉత్తర్వు పాటించకపోతే నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, 25,000 నుంచి లక్ష దాకా జరిమానా ఆ సెక్షన్‌లో ఉన్నాయి. తొమ్మిది రోజుల్లో ఇంకో పెట్టె వచ్చింది. దాని మీది తయారీ నెల చూశాం, వరుస సంఖ్యను కంపెనీకి మెయిల్ పెట్టి ధృవీకరించుకున్నాం. పాతది అప్పగించేటప్పుడు, తేదీ, వరుస సంఖ్య, ఆ పూట తెర మీది ఛార్జి శాతం రాసి ముద్ర వేసిన కాగితం ఇచ్చేదాకా నా కక్షిదారు బండి మీద చెయ్యి తియ్యలేదట.

ఇప్పుడు బండి 85 దాకా నడుస్తోంది. యాప్‌లో మాత్రం వారంటీ గడువు ఇంకా పాత తేదీతోనే, 2026 మే అనే కనిపిస్తోంది. ఉత్తర్వు ప్రకారం కొత్త బ్యాటరీ బిగించిన రోజు నుంచి మూడేళ్లు ఉండాలి. ఆ తేదీ సరిచేయమని రెండో ఉత్తరం మొన్ననే పంపాను.